నాన్న రిపోర్టులో ఎన్‌ఎల్‌ఆర్ 5.5 వస్తోంది, ఫుడ్ పైపు క్యాన్సర్‌లో దీన్ని ఎంతవరకు నమ్మాలి?

తెనాలి_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది తెనాలి పక్కన పల్లెటూరు. మా నాన్నకి 61, వయసులో ఉన్నప్పట్నుంచి చుట్ట అలవాటు, పొలం పనే. సంక్రాంతి వెళ్ళాక ముద్ద దిగట్లేదు అనడం మొదలెట్టాడు, చివరికి ఇడ్లీ ముక్క కూడా మంచినీళ్ళు తాగితే గానీ దిగని పరిస్థితి వచ్చేసరికి బెజవాడ తీసుకెళ్ళి సూర్యారావుపేటలో ఎండోస్కోపీ చేయించాం. అన్నవాహిక మధ్యలో గడ్డ, బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది. పెట్ సీటీలో గడ్డ పక్కన లింఫ్ గ్రంథులు కనపడ్డాయి, లివర్, ఊపిరితిత్తులు క్లీన్ అన్నారు. ఐదు వారాలు రేడియేషన్, దాంతోపాటు వారానికో కీమో, ఆ తర్వాత ఒళ్ళు కోలుకున్నాక ఆపరేషన్ అని ప్లాన్ చెప్పారు. మొదటి కీమో అయింది.

ఇప్పుడు నా గోల ఏంటంటే, మొన్నొచ్చిన సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు పట్టుకుని రాత్రి ఫోన్లో వెతుకుతా కూర్చున్నా, అందులో ఎన్‌ఎల్‌ఆర్ అనేది తగిలింది, న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే నంబరంట, రెండూ తెల్ల రక్తకణాల్లో రకాలేనంట, అది 5 దాటితే ఈ క్యాన్సర్‌లో మనిషి బతికే కాలం తగ్గుతుందని ఒకటి కాదు బోలెడు పేపర్లు ఉన్నాయి, ఒకళ్ళు కటాఫ్ 2 అంటారు ఒకళ్ళు 3 అంటారు ఒకళ్ళు 5 అంటారు, నాకు లెక్క కడితే 5.5 పైనే వచ్చింది, అక్కడ్నుంచి నిద్ర లేదు. రిపోర్టు ఇది: టోటల్ కౌంట్ 11,200, పాలిమార్ఫ్స్ 78, లింఫోసైట్స్ 14, మోనోసైట్స్ 6, ఇసినోఫిల్స్ 2, ప్లేట్‌లెట్స్ 3.8 లక్షలు, హిమోగ్లోబిన్ 10.9, ఆల్బుమిన్ 3.1.

డాక్టర్ గారిని అడుగుదామంటే ఓపీలో బయట జనం, లోపల మనకి దొరికేది రెండు నిమిషాలు, అందులో ఇదేం అడుగుతాం. మా బావేమో ఆ రేషియో తగ్గాలంటే తిప్పతీగ కషాయం, బొప్పాయి ఆకు రసం పట్టించమని రోజూ ఫోన్. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, ఈ నంబరుని నమ్మాలా వద్దా, దీన్ని తగ్గించే మార్గం ఏమన్నా ఉందా, నాన్న ముందు మామూలుగా ఉండలేకపోతున్నా.

కొత్తపేట_ల్యాబ్:

తమ్ముడూ, నేను గుంటూరు కొత్తపేటలో ల్యాబ్‌లో పని చేస్తా, డాక్టర్ని కాదు, రిపోర్టు వరకు చెప్తా. మీ లెక్క కరెక్టే. పాలిమార్ఫ్స్ అంటే న్యూట్రోఫిల్సే, మన వైపు ల్యాబుల్లో ఇంకా పాత పేరే కొడతారు. శాతాలు రెండూ ఒకే టోటల్ కౌంట్ మీదవి కాబట్టి 78ని 14తో భాగిస్తే చాలు, 5.57. అదే పీఎల్‌ఆర్, అంటే ప్లేట్‌లెట్స్ బై లింఫోసైట్స్, అయితే శాతంతో కుదరదు, ముందు లింఫోసైట్స్ అసలు సంఖ్య కావాలి, 11,200లో 14 శాతం అంటే 1,568, ప్లేట్‌లెట్స్ 3,80,000ని దాంతో భాగిస్తే 242. ఎల్‌ఎమ్‌ఆర్ అంటే లింఫోసైట్స్ బై మోనోసైట్స్, 14 బై 6, 2.3. ఇది మిగతావాటికి ఉల్టా, తక్కువ ఉంటే మంచిది కాదంటారు. ఎస్‌ఐఐ అని ఇంకోటుంది, ప్లేట్‌లెట్స్ ఇంటూ న్యూట్రోఫిల్స్ బై లింఫోసైట్స్. గమనించారా, వీటన్నిట్లో లింఫోసైట్స్ ఉంది, అది ఒక్కటి కిందకి జారితే నాలుగూ ఒకేసారి చెడ్డగా కనపడతాయి, నాలుగు వేరే వేరే ప్రమాదాలు వచ్చి పడ్డాయని హడలిపోనక్కర్లేదు.

ఇంకో విషయం, ఇది బయటవాళ్ళకి తెలీదు. డిఫరెన్షియల్ కౌంట్, అంటే తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమనేది, మిషన్ తీసిందా, స్లైడ్ పెట్టి మనిషి లెక్కపెట్టాడా అనేది చూడాలి. తెల్లకణాల్ని ఐదు రకాలుగా విడదీసే ఫైవ్ పార్ట్ మిషన్ అయితే వేల కణాలు చూస్తుంది. స్లైడ్ అయితే లీష్మన్ స్టెయిన్ వేసి, మైక్రోస్కోపు కింద వరసగా 100 కణాలు చూసి ఏది ఎన్ని అని టిక్కులు కొట్టుకుంటా పోతాం, 100 అవగానే ఆపేస్తాం. ఆ వందలో లింఫోసైట్స్ 14 వచ్చిన స్లైడ్‌నే పక్క టేబుల్ అతను ఇంకో మూల నుంచి లెక్కపెడితే 11 రావచ్చు 18 రావచ్చు, ఇద్దరిదీ తప్పు కాదు, వంద కణాలకి ఆ ఊగిసలాట సహజం. 18, 74 అని వస్తే మీ ఎన్‌ఎల్‌ఆర్ 4.1. 11, 81 అని వస్తే 7.4. అదే మనిషి, అదే రక్తం, అదే గొట్టం. మీ రిపోర్టులో శాతాలు దశాంశాలు లేకుండా గుండ్రంగా ఉన్నాయి కదా, నాకైతే స్లైడ్ కౌంటే అనిపిస్తంది.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, ఈ శాంపిల్ ఎప్పుడు ఇచ్చారు? కీమోకి ముందా తర్వాతా? కీమో రోజు సెలైన్‌లో ఏమేం ఇంజెక్షన్లు ఎక్కించారో డిశ్చార్జ్ కాయితంలో ఉంటది చూడండి.

తెనాలి_కుర్రోడు:

అన్నా థాంక్స్. కీమో మంగళవారం, శాంపిల్ బుధవారం పొద్దున తీశారు, నైట్ అక్కడే ఉంచారు. కాయితంలో డెక్సామెథసోన్, ఎవిల్, ఎసిడిటీది ఏదో ఇంజెక్షన్, ఆ తర్వాత ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అని ఉంది. ఎండోస్కోపీ అప్పటి పాత సీబీపీ కూడా దొరికింది, టోటల్ 8,400, పాలిమార్ఫ్స్ 66, లింఫోసైట్స్ 26. అంటే 2.5 ఏ కదా? రెండిట్లో ఏది లెక్కలోకి తీసుకోవాలి?

రేడియేషన్_పీజీ:

నేను రేడియేషన్ ఆంకాలజీ రెసిడెంట్‌ని, డ్యూటీ మధ్యలో రాస్తన్నా, అటూ ఇటూ ఉంటే సర్దుకోండి. మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి ట్రీట్‌మెంట్ సంగతి మీ డాక్టర్‌దే ఫైనల్.

ల్యాబ్ అన్న పట్టుకున్న పాయింటే అసలు పాయింటు. డెక్సా అనేది స్టెరాయిడ్, ప్యాక్లిటాక్సెల్‌కి ఎలర్జీ రాకుండా ముందు ఇస్తాం. న్యూట్రోఫిల్స్‌లో సగం దాకా ఎప్పుడూ రక్తనాళాల గోడలకి అతుక్కుని ఉంటాయి, శాంపిల్‌లోకి రావు. స్టెరాయిడ్ పడగానే అవి గోడ వదిలేసి రక్తంలోకి వచ్చేస్తాయి, బోన్ మ్యారో నుంచి కూడా కొత్తవి దిగుతాయి, అదే టైమ్‌లో లింఫోసైట్స్ రక్తం వదిలి వేరేచోట్లకి సర్దుకుంటాయి. పైది పెరిగి కిందది తగ్గితే రేషియో రెట్టింపు అవడానికి ఒక రాత్రి చాలు. అందుకని బుధవారం 5.57 మీ నాన్నగారి జబ్బు గురించి దాదాపు ఏమీ చెప్పదు, డెక్సా పనిచేసిందని చెప్తుంది అంతే. మీరు చదివిన పేపర్లలో ఎక్కువ భాగం ట్రీట్‌మెంట్ మొదలవకముందు తీసిన రక్తంతో కట్టినవి, పోల్చాలనుకుంటే ఆ పాత 2.5 నే పోల్చాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా 1 నుంచి 3 మధ్యలో, కొందరికి ఇంకాస్త పైన ఉంటుంది.

ఇంకో మాట ఇప్పుడే చెప్తున్నా, తర్వాత కంగారు పడకండి. రేడియేషన్ నడిచేకొద్దీ లింఫోసైట్స్ పడిపోతాయి, గ్యారంటీగా. ఒంట్లో రేడియేషన్‌కి అతి సున్నితమైన కణాల్లో అవి ఒకటి, చాలా తక్కువ డోసుకే చచ్చిపోతాయి. అన్నవాహిక ఉన్న చోటు చూడండి, ముందు గుండె, వెనక వెన్నుపూస, పక్కనే ఒంట్లోకెల్లా పెద్ద రక్తనాళం. బీమ్ వేసిన కాసేపట్లో దాని గుండా పోయే రక్తం అంతా కొంచెం కొంచెం డోసు తింటుంది. నాలుగో వారంలో ఎన్‌ఎల్‌ఆర్ కట్టారంటే 8, 10 అని కూడా రావచ్చు. లింఫోసైట్స్ మరీ 200 కిందకి పోయినవాళ్ళకి తర్వాత ఫలితాలు అంత బాలేవని పేపర్లున్నాయి, అందుకే గుండెకి డోసు తగ్గించి ప్లాన్ వేయడం మీద, ప్రోటాన్లతో ఇచ్చే రేడియేషన్ మీద పని జరుగుతోంది, కానీ అది మా వైపు చూసుకోవాల్సిన లెక్క, ఇంట్లో కూర్చుని మీరు కట్టాల్సింది కాదు.

మరి ఈ రేషియో ఒట్టి గాలి కబురా అంటే, కాదు. వెనక బయాలజీ ఉంది. గడ్డ నుంచి ఐఎల్-6, ఐఎల్-8, జీ-సీఎస్‌ఎఫ్ లాంటి కబురు మోసే ప్రొటీన్లు విడుదలైతే బోన్ మ్యారో న్యూట్రోఫిల్స్‌ని ఎక్కువ తయారు చేస్తుంది. అవి గడ్డ దగ్గర చేరి కొత్త రక్తనాళాలు పుట్టడానికి, పక్క కణజాలాన్ని కొరుక్కుంటూ గడ్డ ముందుకి పాకడానికి సాయపడతాయి, క్యాన్సర్ కణాల్ని చంపాల్సిన టీ కణాల్ని అణుస్తాయి. ప్లేట్‌లెట్స్ రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల చుట్టూ అతుక్కుని వాటిని కాపాడతాయి. మోనోసైట్స్ గడ్డలోకి వెళ్ళి మాక్రోఫేజ్‌లుగా మారి కొన్నిసార్లు గడ్డ పక్షమే చేరతాయి. లింఫోసైట్స్ తక్కువంటే పోరాడే జనం తక్కువ. ఇదంతా నిజమే, కానీ రక్తంలో కనపడేది గడ్డలో జరిగేదానికి దూరపు కబురు. గడ్డ లోపల సీడీ8 టీ కణాలు ఎన్ని ఉన్నాయి, వాటిని ఆపే ఫాక్స్‌పీ3 కణాలు ఎన్ని ఉన్నాయి అని బయాప్సీ ముక్క మీద చూసేది వేరే రకం రేషియో, దానికీ మీ సీబీపీకీ సంబంధం అంతంతమాత్రమే.

పైగా న్యూట్రోఫిల్స్ పెరగడానికి క్యాన్సరే అక్కర్లేదు. పంటి చీము, యూరిన్ ఇన్ఫెక్షన్, పొలమారి తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చే నిమ్ము, కౌంట్ పడిపోతే ఇచ్చే గ్రాఫీల్ లాంటి ఇంజెక్షన్, ఏదైనా చాలు. మీ నాన్నగారి గడ్డ మధ్య భాగంలో అన్నారు కాబట్టి ఒకటి గుర్తు పెట్టుకోండి, మంచినీళ్ళు తాగిన ప్రతిసారీ దగ్గు తెర వస్తుంటే, జ్వరం తగిలితే, రేపటి ఓపీ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. గాలిగొట్టానికి దారి పడిందేమో చూడాలి. ఎన్‌ఎల్‌ఆర్ కంటే వందరెట్లు అవసరమైన సంగతి ఇది.

తిప్పతీగ వద్దు. 2021లో ముంబయి డాక్టర్లు అది వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు రిపోర్ట్ చేశారు, ప్యాక్లిటాక్సెల్ ఒంట్లోంచి పోయేది లివర్ ద్వారానే. బొప్పాయి ఆకు రసం డెంగ్యూలో ప్లేట్‌లెట్స్ కోసమని జనం తాగుతారు, ఇక్కడ ప్లేట్‌లెట్స్ 3.8 లక్షలు ఉన్నాయి, ఇంకా ఎందుకు పెంచడం మీ బావగారు?

ఫార్మా_రవి:

బ్రో ఇమ్యూనిటీ రేషియో బాలేదంటే ఇమ్యునోథెరపీ అడగండి, నివోలుమాబ్ అని ఉంది, ఇప్పుడంతా అదే వాడతన్నారు, కాస్ట్లీనే కానీ రిజల్ట్ బాగుంటది.

మొగల్రాజపురం_మాస్టారు:

రవి గారి సంగతి డాక్టర్ గారే చూసుకుంటారు, నేను ఆ పేపర్ల సంగతి మాట్లాడతా. విజయవాడలో స్టాటిస్టిక్స్ చెప్తాను, రోజూ పిల్లలకి చెప్పే పాఠమే ఇది.

ఈ ఎన్‌ఎల్‌ఆర్ క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. 2001లో స్లోవేకియాకి చెందిన జహోరెక్ అనే ఆయన ఐసీయూ పేషెంట్లలో ఒంటి మీద ఎంత ఒత్తిడి ఉందో చూడ్డానికి తేలికైన కొలతగా చెప్పాడు. సీబీపీ అందరికీ చేస్తారు, ఖర్చు లేదు, పాత రికార్డులు తవ్వితే చాలు పేపర్ తయారు, అందుకని తర్వాత క్యాన్సర్‌లో దీని మీద వరదలా వచ్చిపడ్డాయి. 2014లో టెంపుల్‌టన్ బృందం వంద స్టడీలు, నలభై వేల పైచిలుకు పేషెంట్లు కలిపి చూస్తే ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్ళకి హజార్డ్ రేషియో, అంటే చనిపోయే ముప్పు ఎన్ని రెట్లు అనే లెక్క, 1.81 వచ్చింది. అది అన్ని రకాల గడ్డ క్యాన్సర్లూ కలిపిన లెక్క. అన్నవాహికలో విడిగా చేసినవాటిలో కూడా దిశ అదే, ఎక్కువ ఉంటే ఫలితం కాస్త తక్కువ. దిశ మీద నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, 1.8 అనగానే మనవాళ్ళు ఆయుష్షు సగం అయిపోయిందని చదువుకుంటారు. ఊరికే ఒక ఉదాహరణ, ఈ అంకెలు నేను కల్పించినవి. రేషియో తక్కువున్న వందమందిలో ఫలానా టైముకి 60 మంది ఉన్నారనుకోండి, హజార్డ్ రేషియో 1.8 అయితే ఎక్కువున్న వందమందిలో అదే టైముకి సుమారు 40 మంది ఉంటారు. అంటే చెడ్డ గుంపులో 40 మంది నిక్షేపంగా ఉన్నారు, మంచి గుంపులో 40 మంది లేరు. మీ నాన్నగారు ఆ నలభైలోనా ఈ నలభైలోనా అనేది ఆ నంబరు చెప్పలేదు. గుంపుకి పనికొచ్చే లెక్క, మనిషికి జాతకం కాదు. మన ఊళ్ళో 2024 సెప్టెంబర్ గుర్తుందా, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని టీవీలో గంటగంటకీ లెక్క వేస్తుంటే అందరం అటే చూశాం, సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు వాగు. బ్యారేజీ లెక్క తప్పు కాదు, మీ గుమ్మంలోకి ఎంత నీరొస్తుందో అది చెప్పదు, అంతే.

రెండోది కటాఫ్. మీరే అన్నారు కదా ఒకళ్ళు 2, ఒకళ్ళు 3, ఒకళ్ళు 5 అని. చాలా పేపర్లలో ఏం చేస్తారంటే డేటా అంతా దగ్గర పెట్టుకుని, ఏ అంకె దగ్గర కోస్తే రెండు గుంపులకీ తేడా బాగా ఎక్కువ కనపడుతుందో వెతికి అక్కడ కోస్తారు, తర్వాత అదే డేటా మీద చూడండి ఎంత తేడానో అంటారు. పరీక్ష రాసేశాక పాస్ మార్కు పెట్టడం ఇది. ఆ కటాఫ్ వేరే ఆస్పత్రి డేటా మీద పెడితే తేడా కుంచించుకుపోతుంది. పైగా 4.9 మంచి, 5.1 చెడ్డ అనడంలో అర్థమే లేదు, ల్యాబ్ ఆయన చెప్పిన స్లైడ్ కథ విన్నాక అసలు లేదు.

మూడోది, ఇది ముఖ్యం. గడ్డ ముదిరినవాళ్ళకి, తిండి దిగక బరువు పోయినవాళ్ళకి, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి రేషియో ఎలాగూ ఎక్కువే ఉంటుంది. వాళ్ళకి ఫలితం తక్కువ అవడం రేషియో వల్లా, ఆ ముదిరిన జబ్బు వల్లా? స్టేజీ, బరువు, వయసు అన్నీ లెక్కలోకి తీసుకుని చూసిన పేపర్లలో రేషియో బలం చాలాసార్లు బాగా పల్చబడిపోతుంది. అందుకని దాన్ని తగ్గించే మందు కోసం వెతకడం దండగ, అది తగ్గితే మనిషి బాగుపడతాడని ఎవరూ చూపించలేదు.

కృష్ణలంక_కోడలు:

తమ్ముడూ నేను లెక్కలేం చెప్పలేను గానీ మా అత్తయ్యగారికి ఇదే జబ్బు, ఇదే ట్రీట్‌మెంట్, ఆపరేషన్ కూడా అయింది, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, నా మీద అరిచే ఓపిక కూడా వచ్చింది. నీ పోస్టులో నాకు భయం వేసింది ఆ రేషియోకి కాదు, రక్తంలో ప్రొటీన్, ఆ ఆల్బుమిన్ 3.1, ఇడ్లీ ముక్క దిగట్లేదు అన్నావు చూడు, అదీ. బరువు ఎంత తగ్గాడో ఒక్క ముక్క రాయలేదు నువ్వు. రేపే తూకం వేయించు, ఒక క్యాలెండర్ మీద రాసి పెట్టు, ప్రతి ఓపీకి అది పట్టుకెళ్ళు. డాక్టర్ల ముందు మనం వంద మాటలు చెప్పే కంటే ఆ కాయితం పెడితే వాళ్ళే ఆగి చూస్తారు, రెండు నిమిషాలు సరిపోతాయి.

రేడియేషన్ మధ్యకొచ్చేసరికి గొంతులోంచి గుండెల దాకా మంట, ఉమ్మి కూడా మింగలేరు. మా అత్తయ్యగారికి అందుకని ముందే పొట్ట దగ్గర చిన్న ఆపరేషన్ చేసి పేగులోకి పైపు పెట్టారు, జెజునోస్టమీ అంటారు. మీకు అది కావాలో ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ చాలో అడుగు, మింగడం పూర్తిగా ఆగిపోయేదాకా ఉండొద్దు. ఆ పైపు సన్నం, రాగి జావైనా బియ్యం గంజైనా పల్చగా కాచి పలచటి బట్టలో రెండుసార్లు వడకట్టాలి, ఒక్క పలుకు ఉన్నా అడ్డం పడిపోద్ది. పెట్టే ముందు సిరంజితో గోరువెచ్చని నీళ్ళు, పెట్టాక మళ్ళీ నీళ్ళు, మాత్రలు మెత్తగా నూరి విడిగా నీళ్ళలో కలిపి. తొందరపడి ఒకేసారి నెడితే కడుపులో మెలిపెట్టి విరేచనాలు పట్టుకుంటాయి, నెమ్మదిగా బొట్లు బొట్లుగా పోనివ్వాలి. ఉత్త జావ మీద ప్రొటీన్ రాదు, డైటీషియన్ రాసిన పౌడర్ కలపాలి. నోటితో తాగగలిగినంత కాలం పెరుగు, ఉడికించిన గుడ్డు మెత్తగా చేసి, పప్పు కట్టు. కాఫీ టీ పొగలు కక్కేలా వద్దు. పడుకునేటప్పుడు తల వైపు దిండ్లు ఎత్తుగా పెట్టు.

చుట్ట మానేశాడా? మానేసి ఉంటాడనుకుంటా, లేదంటే దాని గురించి కూడా గట్టిగా పోట్లాడు.

రేడియేషన్_పీజీ:

అక్క రాసింది ప్రింట్ తీసి మా వార్డులో అంటించొచ్చు. ఆల్బుమిన్ గురించి ఒక ముక్క. పీఎన్‌ఐ అని పోషణ ఎలా ఉందో చూసే ఒక పాత లెక్క ఉంది, 1984లో జపాన్‌లో ఒనొడెరా అనే ఆయన కడుపు, పేగుల ఆపరేషన్ల కోసం కట్టాడు, ఆల్బుమిన్‌ని పదితో హెచ్చవేసి దానికి లింఫోసైట్స్ సంఖ్యని 0.005తో హెచ్చవేసి కలపాలి. బుధవారం రక్తంతో మీకు 38.8 వస్తుంది, ఆల్బుమిన్ అదే 3.1 అనుకుని పాత లింఫోసైట్స్ పెడితే 41.9. చూశారా, ఇదీ డెక్సాతో ఊగిపోయింది. కానీ ఇందులో పెద్ద వాటా ఆల్బుమిన్‌ది, దాని మీద మనం కొంతైనా పని చేయగలం. వారంలో మారదు, రక్తంలో అది సగం తగ్గడానికే దాదాపు ఇరవై రోజులు, ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది. అందుకని ఆల్బుమిన్ కంటే ముందు బరువు చూస్తాం.

రవి గారూ, నివోలుమాబ్ ఇవ్వాలా వద్దా అనేది ఎన్‌ఎల్‌ఆర్ చూసి తేల్చరండి. 2021లో వచ్చిన చెక్‌మేట్ 577 ట్రయల్‌లో కీమో రేడియేషన్, ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కలో ఇంకా క్యాన్సర్ మిగిలిన వాళ్ళకి అది ఇచ్చారు, జబ్బు తిరగబెట్టకుండా గడిచిన కాలం మధ్యస్థంగా 11 నెలల నుంచి 22.4 నెలలకి పెరిగింది. క్యాన్సర్ మిగలనివాళ్ళని ఆ ట్రయల్‌లో తీసుకోనే లేదు. పాకిన జబ్బులో వాడేటప్పుడు పీడీఎల్1 అనే ప్రొటీన్ గడ్డలో ఎంత ఉందో ఆ స్కోరు చూస్తారు. చాలా క్యాన్సర్లలో ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్ళకి ఇమ్యునోథెరపీ కూడా తక్కువే పనిచేసినట్టు కనపడింది, కాబట్టి రేషియో బాలేదు గనక ఇమ్యునోథెరపీ అనే లెక్క తిరగేసినట్టు ఉంది. ఇప్పుడు అప్పు చేసి కొనేది కాదిది.

తెనాలి తమ్ముడూ, మీ ప్లాన్ వెనకున్న ట్రయల్ పేరు క్రాస్, 366 మంది, 2012లో వచ్చింది. వారానికో కీమో అవే రెండు మందులు, 23 సిట్టింగులు, మొత్తం 41.4 గ్రే (రేడియేషన్ డోసు కొలత). స్క్వామస్ రకం వాళ్ళలో ఆపరేషన్ చేసి చూస్తే 49 శాతం మందిలో క్యాన్సర్ కణమే దొరకలేదు. ఆపరేషన్ ఒక్కటే చేసిన స్క్వామస్ వాళ్ళకి మధ్యస్థ జీవితకాలం 21.1 నెలలు, కీమో రేడియేషన్ కలిపినవాళ్ళకి 81.6 నెలలు. స్క్వామస్ వాళ్ళు అందులో నాలుగో వంతు లోపే, అదీ ట్రయల్‌కి పనికొచ్చేంత ఓపికున్నవాళ్ళు, అందుకని ఈ అంకెల్ని కూడా మాస్టారు చెప్పినట్టే చదవండి. కానీ రాత్రి పూట చదవాలనుంటే ఇది చదవండి. సిట్టింగులు మధ్యలో ఆపకుండా పూర్తి చేయడం, బరువు పడిపోకుండా చూసుకోవడం, ఈ రెండూ మీ చేతిలో ఉన్నవి.

తెనాలి_కుర్రోడు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. తూకం వేయించా, 54 ఉన్నాడు, నిరుడు కోతలప్పుడు 63 ఉండేవాడు. చుట్ట మానేశాడు అక్కా, కానీ చేతిలో ఉత్తిదే తిప్పుకుంటా కూర్చుంటాడు. పైపు సంగతి రేపు ఓపీలో అడుగుతా, మా బావకి డాక్టర్ గారి మెసేజ్ ఉన్నది ఉన్నట్టు పంపించా, ఇంకా రిప్లై రాలేదు. ఒకటే డౌటు, వచ్చే మంగళవారం రెండో కీమోకి మళ్ళీ సీబీపీ తెమ్మన్నారు, ఎప్పుడు ఇస్తే మంచిది?

కొత్తపేట_ల్యాబ్:

సోమవారం పొద్దున ఇచ్చెయ్, సాయంత్రానికి రిపోర్ట్ చేతికొస్తది. ఒకవేళ ముందు రోజు రాత్రే డెక్సా మాత్రలు వేసుకోమని రాసుంటే వాటికంటే ముందే ఇవ్వాలి. వాళ్ళు చూసేది కీమో తట్టుకునేంత న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్స్ ఉన్నాయా అని. ప్రతిసారీ అదే ల్యాబ్‌లో ఇవ్వు, ఫైవ్ పార్ట్ మిషన్ ఉందా అని అడిగి మరీ ఇవ్వు. 63 నుంచి 54 అంటే చిన్న విషయం కాదు, పైపు సంగతి రేపు మర్చిపోకుండా అడుగు.